సింహాచలం వేలిముద్ర

ఆ ఎపిసోడ్‌లో హంతకుడి పేరు సింహాచలం. ఆ పేరు పెట్టింది నేను, వాడి నోట్లో మాటలు పెట్టింది నేను, చివరి సీనులో ఇన్‌స్పెక్టరు కాళ్లు పట్టించి ఏడిపించిందీ నేనే. హైదరాబాదులో టీవీ క్రైమ్ సీరియల్‌కి కథ, మాటలు రాస్తూ బతికిన రోజుల్లో నాకు పేరు తెచ్చిన ఎపిసోడ్ అది. ఇప్పుడెవరైనా దాన్ని మెచ్చుకుంటే మాట మార్చేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రచయితలవుదామని వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి క్రైమ్ కథ ఎలా రాయాలని అడుగుతుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన విషయం ఇది. ఒకచోట కూర్చి పెడుతున్నాను.

కథ బౌలింగ్ సెంటర్లో జరుగుతుంది. క్రికెట్ బౌలింగ్ కాదు. నున్నటి చెక్కబాట మీద బరువైన బంతి దొర్లించి, ఆ చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట. శుక్రవారం రాత్రి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు పార్టీకి వస్తారు. ఇంటికెళ్లే వేళకు వాళ్ల ఫైనాన్స్ మేనేజరు కనపడడు. తెల్లారి చూస్తే ఏడో లేన్ వెనక, పిన్నులు నిలబెట్టే మిషను పక్కన శవం. తల వెనక దెబ్బ. 16 పౌన్ల బంతితో కొట్టారు. భార్య మీద అనుమానం, వ్యాపారంలో వాటాదారు మీద అనుమానం, ఆ మేనేజరు చేతిలో ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాడి మీద అనుమానం. ఈ ముగ్గురి చుట్టూ తిప్పి తిప్పి, ఆఖరి బ్రేక్ తర్వాత ప్రేక్షకుడు ఊహించని మనిషిని ముందుకు తేవాలి. అది మా పద్ధతి. ఎవరూ ఊహించని మనిషి అంటే ఎవరూ పట్టించుకోని మనిషే. మిషను వెనక పనిచేసే కుర్రాణ్ని తెచ్చాను. మేనేజరు పర్సులో నోట్లు చూసి ఆశపడ్డాడని కారణం రాశాను. బంతికున్న వేళ్ల రంధ్రాల్లో వాడి వేలిముద్ర దొరికిందని సాక్ష్యం రాశాను. ముద్ర చూపించగానే వాడు కూలబడి ఒప్పేసుకుంటాడు.

కథ విన్నాక దర్శకుడు అన్నాడు: "మీది శ్రీకాకుళమే కదండీ. వాడికి ఆ యాస పెట్టండి, సహజంగా ఉంటుంది."

నాకు సంతోషమేసింది. ఏళ్ల తరబడి ఏ ఊరిదీ కాని టీవీ తెలుగు రాసి రాసి విసిగిపోయి ఉన్నాను. మా అమ్మ మాట, మా వీధి మాట రాయమని అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆ రాత్రే రాసేశాను. "నానేటీ సేయలేదు బాబూ", "ఆడే ముందు నన్ను తిట్నాడు", "సేతికందిందెత్తీసినాను". నటుడిది వేరే జిల్లా. సెట్లో పక్కన కూర్చుని ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో నేర్పాను. హత్య ఒప్పుకునే సీను తీస్తున్నప్పుడు లైట్‌మెన్ దగ్గర్నుంచి అందరూ నవ్వుతున్నారు. మనిషి ఏడుస్తుంటే నవ్వు ఎందుకొస్తోందని నేను అడగలేదు. యాస బాగా పండిందనుకున్నాను.

ఆ నవ్వుకు చరిత్ర ఉంది. మా మాట తెలుగు తెర మీద చాలాకాలం పనివాడి నోట్లోనో, వాచ్‌మన్ నోట్లోనో, కమెడియన్ నోట్లోనో మాత్రమే ఉండేది. కథానాయకుడు మా యాసలో ప్రేమించడం, కోపగించడం ఈమధ్య మాట: 2020లో వచ్చిన 'పలాస 1978', 2025లో వచ్చిన 'తండేల్'. 2024 డిసెంబరులో 'శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్' అనే సినిమా మా జిల్లా పేరును డిటెక్టివ్ పక్కన పెట్టింది. నా సింహాచలం వాటన్నిటికంటే ముందువాడు. వాణ్ని నేను పాత వరసలోనే నిలబెట్టాను, ఒక మెట్టు ఇంకా కిందికి దింపి.

నాకు తెలియక కాదు. విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' చదువుకున్నవాణ్నే. అందులోనూ ఒక హత్య కేసుంది. పెళ్లికూతురు మాయమైతే ముసలి లుబ్ధావధాన్లు మీద ఖూనీ ఆరోపణ పెడతారు. చచ్చిన మనిషంటూ ఎవరూ లేరు, ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదు. కేసు మాత్రం కోర్టు దాకా నడుస్తుంది. చుట్టూ చేరినవాళ్లు దాని మీద ఎలా బతుకుతారో గురజాడ చూపించాడు. ఇక రావిశాస్త్రి, అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922లో శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన మనిషి. పోలీసు స్టేషన్లో, కోర్టు వరండాలో నిలబడ్డ పేదవాళ్లను మా యాసలోనే మాట్లాడించాడు. ఆయన పాత్రలు మాట్లాడుతుంటే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు వాళ్లను నిలబెట్టిన వ్యవస్థ మీదికి పోతుంది, వాళ్ల మీదికి రాదు. ఇది నేను ఉపన్యాసాల్లో చెప్పినవాణ్ని. చెక్కు వచ్చే పని చేస్తున్నప్పుడు గుర్తు చేసుకోలేదు.

ఎపిసోడ్ వచ్చేముందు మా వీధిలో అందరికీ ఫోన్ చేసి చూడమని చెప్పాను. మాది పలాస పక్క ఊరు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఎదురింటి అప్పను పలకరించాను. మాకు చుట్టరికం లేదు, వరస మాత్రం ఉంది. ఆమెను నేను అప్పా అంటాను, వాళ్లబ్బాయి నన్ను మావా అంటాడు. అప్ప ముప్పయ్యేళ్లుగా జీడిపిక్కలు వలుస్తోంది. పిక్క పెచ్చులో ఉండే నల్లరసం చర్మాన్ని తినేస్తుంది. ఆమె వేళ్ల చివర్లు నున్నగా అయిపోయాయి, గీతలు లేవు. రేషన్ డిపోలో వేలిముద్ర మిషను ఆమె వేలు పట్టదు. ఒక వేలు కాకపోతే ఇంకో వేలు, తుడిచి మళ్లీ పెట్టి, వెనకున్న లైను విసుక్కుంటుంటే పక్కకు తప్పుకుని నిలబడుతుంది. పలాస చుట్టుపక్కల పిక్కల పని చేసే ఆడవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

"నీ కత సూసినాం తమ్ముడూ," అంది.

"ఎలగుంది అప్పా?"

చేటలో చోళ్లు చెరుగుతూ కాసేపు ఏమీ అనలేదు. "ఆ గుంటడు మన మాటే మాటాడినాడు కదా. సివర్న పోలీసోల కాళ్లట్టుకుని ఏడుస్తంటే మాకు ఏటోలాగయిపోనాది. మావోడు కూడా ఐదరాబాదుల అలాటి బంతులాటకాడే పనికున్నాడు. ఆడి మాటా అలగే ఉంటాది. అక్కడోలు ఆడ్ని ఏటీ అనుకోరు కదా?"

వాళ్లబ్బాయి బౌలింగ్ సెంటర్లో పనిచేస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలీదు. ఏదో మాల్‌లో ఉన్నాడని మాత్రం విన్నాను. "అది కథ అప్పా, ఎవరూ అలా అనుకోరు," అన్నాను. ఆమె తలూపింది. ఎపిసోడ్ రాయడం ఒక తప్పయితే, ఈ జవాబు దానికంటే పెద్ద తప్పు. రాసేటప్పుడు ఆలోచించలేదని చెప్పుకోవచ్చు. ఇక్కడ ఒక తల్లి నా ఎదురుగా నిలబడి భయపడుతోంది. నేను ఆ భయాన్ని వినకుండా నోరు మూయించాను.

హైదరాబాదు తిరిగొచ్చాక ఆ జవాబు నన్ను నిద్రపోనివ్వలేదు. అబ్బాయి నంబరు సంపాదించి, పొద్దున్నే సెంటరు తెరవకముందు వెళ్లాను. వాడు సంబరపడ్డాడు. మావ వచ్చాడని సూపర్‌వైజరుకు చెప్పి, ఆటగాళ్లెవరూ చూడని వెనక వైపుకు తీసుకెళ్లాడు. నిజానికి ఎపిసోడ్ షూటింగు కూడా ఒక బౌలింగ్ సెంటర్లోనే జరిగింది. కానీ నేను కూర్చున్నది ముందు వైపు, రంగు లైట్లు, సోఫాలు ఉన్నచోట. వెనక్కి వెళ్లలేదు. శవం ఎక్కడ పడిందో రాసినవాణ్ని ఆ చోటు చూడలేదు.

వెనక ఇరుకు దారి. ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఒక్కో లేన్‌కి ఒక్కో మిషను. వాడు ఒకటి ఆన్ చేసి చూపించాడు. బంతి 60 అడుగులు దొర్లుకుంటూ వచ్చి పిన్నులను కొట్టగానే పడినవి గుంటలోకి పోతాయి. ఒక కడ్డీ దిగి మిగిలినవాటిని ఊడ్చేస్తుంది, బెల్టు వాటిని వెనక్కి లాగుతుంది, చక్రం పైకెత్తుతుంది, పది పిన్నులూ మళ్లీ త్రికోణంగా దిగుతాయి. పిన్ను 15 అంగుళాల ఎత్తు, కిలోన్నర పైన బరువు. పది ఒకేసారి పడుతుంటే చెవులు దిమ్మెక్కుతాయి, పక్కవాడి మాట వినపడదు. ఈ మిషన్లు 1950ల మొదట్లో అమెరికాలో వాడకంలోకి వచ్చేదాకా ఈ పని పిల్లలు చేసేవాళ్లు, ప్రతి బంతికీ గుంటలోకి దిగి పిన్నులు చేత్తో నిలబెట్టేవాళ్లు. మిషను వచ్చాక కూడా దాని వెనక ఒక మనిషి ఉండాల్సిందే. పిన్ను అడ్డం పడితే తియ్యాలి, బెల్టు జారితే ఎక్కించాలి.

"మావా, నీ కతలో ఓ మాట," అన్నాడు మొహమాటంగా. "నడుస్తన్న మిషనుకాడికి ఎవుడూ ఎల్లడు. సెయ్యి పోద్ది. సిచ్చి కట్టీసి ఎల్లాల. కట్టీస్తే ముందల లేను ఆగిపోద్ది, కస్టమర్లు అరుస్తారు. మనిషిని కొట్టి అక్కడ పడీసినారంటే ఎవులికీ తెలీకుండా అవదు."

తర్వాత ముందు వైపుకొచ్చి బంతుల స్టాండు దగ్గర నిలబడ్డాం. లేన్ మీద నూనె పూస్తారు, బంతి ఆ నూనె పూసుకుని తిరిగొస్తుంది. రాత్రి మూసేముందు ప్రతి బంతినీ గుడ్డతో తుడిచి, రంధ్రాల్లో వేళ్లు పెట్టి మట్టీ పగుళ్లూ చూసి, 6 పౌన్ల నుంచి 16 దాకా వరసగా సర్దడం వాడి పని. చేసి చూపించాడు. బొటనవేలు ఒక రంధ్రంలో, రెండు వేళ్లు మిగిలిన రెండింటిలో, తిప్పి, తుడిచి, పెట్టి. ఇంకోటి. ఇంకోటి.

"అన్నిట్లోనూ నా ఏళ్లే ఉంటాయి మావా. నా ఏలిముద్ర లేకపోతేనే అనుమానపడాల."

నా కథలోని సాక్ష్యం అక్కడ ముక్కలైపోయింది. ఆటగాళ్లు వందమంది ముట్టుకుని, నూనెలో దొర్లి, రోజూ గుడ్డతో తుడిచే బంతి లోపలి గుంటలో స్పష్టమైన ముద్ర నిలవడమే కష్టం. నిలిచినా, దాన్ని రోజూ తుడిచేవాడి ముద్ర అక్కడుండటం ఏ నేరాన్నీ చూపించదు. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు? వాడు రోజంతా ఏం చేస్తాడో నేను ఎవర్నీ అడగలేదు. వాడే హంతకుడని మొదటి పేజీ కంటే ముందే తేల్చుకున్నాను కాబట్టి, సాక్ష్యం దానంతటదే వచ్చి వాడి దగ్గర ఆగింది. ముద్ర భార్యది అని రాసి ఉంటే, ఆమె ఆ సాయంత్రం ఆట ఆడిందా లేదా అని దర్శకుడు తప్పకుండా అడిగేవాడు. కుర్రాడి విషయంలో ఎవరూ ఏమీ అడగలేదు.

వేలిముద్రతో నేరాన్ని రుజువు చేయడం మన దేశానికి పాత సంగతే. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఆ రోజుల్లోనే ఉత్తర బెంగాల్‌లోని జల్పాయిగురిలో ఒక టీ తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అక్కడ దొరికిన పంచాంగం మీద రక్తపు మరక ఉన్న ముద్ర కనిపించింది, అది పాత నౌకరుదని తేలింది. కోర్టు ఏం చేసింది? దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. ముద్ర వాడు అక్కడున్నాడని చెబుతుంది, చంపాడని చెప్పదు అని ఆలోచించింది. చచ్చింది మేనేజరు, నిలబడింది నౌకరు, కాలం 1898. అప్పటి కోర్టు పాటించిన ఆ మాత్రం నిదానం నేను పాటించలేదు.

ఇక ఆ ఏడ్చి ఒప్పుకోవడం. దాదాపు ప్రతి క్రైమ్ ఎపిసోడూ అలాగే ముగుస్తుంది. పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్లోనే ఉండేది. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్లోనూ అదే ఉంది. అలా ఎందుకు రాశారో రావిశాస్త్రి కథలు చదివినవాడికి వేరే చెప్పక్కర్లేదు. స్టేషన్లో పేదవాడి చేత ఏదైనా ఒప్పించవచ్చు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక కూలి కుర్రాణ్ని పట్టుకున్నారు, 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అంది. పట్టుకున్ననాటి నుంచి ఎనిమిదేళ్లకు పైగా అతను జైల్లో ఉన్నాడు, ఆరోగ్యం పాడైపోయింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదట్నుంచీ ఇతను కాదనే చెబుతూ వచ్చారు. ఈ కేసు మా ఆఫీసులో రోజూ మాట్లాడుకున్నదే.

నిజంగా బౌలింగ్ సెంటర్లలో హత్యలు జరగలేదా అంటే జరిగాయి. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం లాస్ క్రూసెస్ ఊళ్లో 1990 ఫిబ్రవరి 10 పొద్దున్న ఇద్దరు లోపలికొచ్చి డబ్బు తీసుకుని, ఏడుగురిని కాల్చారు. ఆరోజు నలుగురు చచ్చిపోయారు, వాళ్లలో ముగ్గురు పిల్లలు. ఆ ఇద్దరూ ఎవరో ఇప్పటికీ తేలలేదు. ముప్పయి ఏళ్లు దాటినా ఆ కుటుంబాలకు జవాబు లేదు. నలభై నిమిషాల్లో ఎవరో ఒకరికి బేడీలు పడాలనే మా నియమం ఎవరి అవసరం కోసం పుట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ బేడీలు తేలిగ్గా పట్టే చేతులు వెతకడమే రచయిత పనైపోతుంది.

ఆ పొద్దున్న అబ్బాయి నాకు టీ తెప్పించాడు. తోటి కుర్రాళ్లు వస్తూ "ఏం సింహాచలం, ఎవరొచ్చారు?" అని పలకరించారు. వాడి పేరు సింహాచలం కాదు. నేను వాడి ముఖం చూశాను. వాడు తల దించుకుని గ్లాసు తిప్పుతూ చెప్పాడు. ఎపిసోడ్ వచ్చిన వారంలోనే పేరు అంటుకుంది. ఆ మధ్య ఒక కస్టమరు ఫోన్ పోతే ముందు వీడి బ్యాగే తెరిపించారు. ఫోన్ సోఫా సందులో దొరికింది.

"నువ్వు రాసిందాని వల్లే అని నాననను మావా. ముందూ అడిగీవోలే. ఇప్పుడు పేరెట్టి అడుగుతన్నారు."

నాకు క్షమించమని అడగడం చేతకాలేదు. వాడు నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు, అది ఇంకా కష్టంగా ఉంది.

మా పల్లెల నుంచి పని వెతుక్కుంటూ పోయేవాళ్లు ఎక్కడికి పోతారో అందరికీ తెలుసు. చెన్నై మౌలివాక్కంలో 2014 జూన్ 28న కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చచ్చిపోతే, వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం కూలీలు చాలామంది ఉన్నారు. గుజరాత్ వేరావల్ పడవల మీద మా మత్స్యకారులున్నారు. హైదరాబాదులో అపార్టుమెంటు గేట్ల దగ్గర, లిఫ్టు గుంటల్లో, మాల్స్ వెనక వైపున ఉన్నారు. నగరం మా మాట వినేది ఎక్కువగా అక్కడే. ఆ మాట వినగానే ఏం గుర్తు రావాలో నిర్ణయించే అవకాశం ఒక్కసారి నా చేతికి వచ్చింది. దాన్ని అలా వాడాను.

చానల్‌కి వెళ్లి ఆ ఎపిసోడ్ మళ్లీ వేయొద్దని అడిగాను. వాళ్లు మర్యాదగానే విన్నారు. రేటింగ్ బాగా వచ్చిన ఎపిసోడ్ అది, హక్కులు నావి కావు. ఇప్పటికీ మధ్యాహ్నాలు వేస్తుంటారు.

తర్వాత శ్రీకాకుళం వెళ్లినప్పుడు కథానిలయంలో కూర్చుని కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథ 'యజ్ఞం' మళ్లీ చదివాను. 1997లో ఆయనే పెట్టిన గ్రంథాలయం అది. ఆ కథలోనూ హత్య ఉంది, మన సాహిత్యంలో అంతకంటే భయంకరమైన హత్య నాకు తెలీదు: అప్పు కింద కొడుకు కూడా బానిస కాకూడదని తండ్రి తన పసివాణ్ని తనే నరికేస్తాడు. ఎవరు చంపారో దాచడానికి అక్కడేమీ లేదు. ఆ కత్తి ఆ చేతిలోకి ఎన్నేళ్లుగా, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పడానికే ఆ పేజీలన్నీ. నా కథలో కారణానికి పెట్టిన చోటు ఒక్క వాక్యం: పర్సు చూసి ఆశపడ్డాడు.

అబ్బాయిని పక్కన పెట్టుకుని ఆ కథ మళ్లీ రాస్తున్నాను, ఈసారి కథగానే, పత్రికకు. అదే శుక్రవారం, అదే ఏడో లేన్. మిషను కుర్రాడు నిందితుడిగా కాదు, సాక్షిగా ఉన్నాడు. ఏ మిషను ఎన్నింటికి ఆగిందో, ఏ బంతి ఆ రాత్రి స్టాండు మీదికి తిరిగి రాలేదో ఆ సెంటర్లో వాడొక్కడికే తెలుసు. ఇన్‌స్పెక్టరు వాణ్ని అడగడానికి చాలా పేజీలు పడతాయి, అడిగాక వాడు మా యాసలోనే జవాబు చెబుతాడు. రాసినంతవరకు ఫోన్లో అప్పకు చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయిపోయాక అడిగింది: "కేసు తేలీదాకా దుకానం మూసీసినారన్నావు. మరి ఆ గుంటడికి ఆ నెల జీతం ఇచ్చినారా, లేదా?"

నేనది ఆలోచించలేదు. ఆ సీను రాస్తున్నాను.